ముడుపు

2024 ఏప్రిల్ 27న ప్రభాస్ సినిమా ‘కల్కి 2898 ఏడీ’ విడుదల తేదీ మళ్లీ మారింది. మొదట జనవరి 12 అన్నారు. తర్వాత మే 9 అన్నారు. ఎన్నికలొచ్చాయి. ఇప్పుడు జూన్ 27.

షోలాపూర్ సాఖర్ పేటలో ఒక చద్దర్ల కార్ఖానా ముందు ఆరుగురు కుర్రాళ్లు కొత్త తేదీ పోస్టర్‌ను ఫోన్‌లో చూశారు. ఆరుగురూ పద్మశాలీలు. ఆరుగురూ ప్రభాస్ అభిమానులు. వాళ్ల తాతముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూ నిజాం ఇలాకా నుంచి ఇక్కడికి వచ్చారు. బడిలో మరాఠీ, బజారులో హిందీ. ఇంట్లో, మరమగ్గపు సాంచెల దగ్గర, సినిమా హాల్లో తెలుగు.

“రెండుసార్లు తేదీ తప్పిందంటే లోపటేదో గడ్‌బడ్ ఉన్నట్టే” అన్నాడొకడు.

ఎవరూ కాదనలేదు. భయం కొత్తది కాదు. 2019లో ‘సాహో’ చూశారు. 2022లో ‘రాధేశ్యామ్’ చూశారు. 2023 జూన్ 16న ‘ఆదిపురుష్’ వచ్చింది. హనుమంతుడి కోసం ప్రతి హాల్లో ఒక సీటు వదలమన్నారు. వీళ్లు ఆ సీటుకు పూలదండ వేసి వచ్చారు. ఆ సినిమా కూడా పోయింది. ఆ దెబ్బకు ఆరుగురిలో ఒకడు తొమ్మిది రోజులు గడ్డం గీసుకోలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. పేటలో ఇప్పటికీ ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటారు. అభిమానమంటే వాడిది అంటారు. ఆ డిసెంబరులో ‘సలార్’ ఆడింది కాబట్టి వాడు మనిషయ్యాడు.

సాయంత్రం పాళీ దిగగానే ఆరుగురూ చేరేది వాడి ఇంటి అరుగు మీదే. తండ్రి లేడు. తల్లి బీడీలు చుడుతుంది. రాత్రి తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకును పొద్దున్నే కత్తిరించి, తంబాకు నింపి, దారం కట్టి, కొసలు మడిచి, ఇరవై అయిదింటికి ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. లెక్క వెయ్యికే. కంపెనీలో బాగాలేనివి ఏరి పక్కన పడేస్తారు, వాటికి డబ్బు రాదు. ఆమె కుడి బొటనవేలు పగిలింది. దానికి గుడ్డపీలిక చుట్టుకుని పని చేస్తుంది.

ఆ ఏప్రిల్ నుంచి ఆమె రోజూ ఒకే మాట అడిగేది.

“బిడ్డా, ఆ పిచ్చర్ ఆడ్తదా?”

కుర్రాళ్లు ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. తెలిసినదంతా చెప్పారు. ఖర్చు 600 కోట్లంటున్నారు. హీరో నడిపే బుజ్జి అనే బండి బరువే ఆరు టన్నులు. అమితాబ్ అశ్వత్థామ. కమల్ హాసన్ విలన్. ఇంత పెట్టినవాళ్లు ఏమైపోతారోనని ఒకడికి అన్నం సయించడం లేదు.

“కథేందిరా?” అని అడిగింది ఒకరోజు.

ఇప్పటికి 874 ఏళ్ల తర్వాత, అని మొదలుపెట్టాడు ఒకడు. గంగ ఎండిపోతుంది. భూమ్మీద ఆఖరికి మిగిలిన పట్నం కాశీ. దాని మీద ఆకాశంలో కాంప్లెక్స్. నీళ్లు, పళ్లు, పచ్చదనం అన్నీ పైనే. కింద జనమంతా యూనిట్ల కోసం కష్టపడతారు. పది లక్షల యూనిట్లు జమ చేస్తే పైకి పోవచ్చు. హీరో ఆశ అదే.

ఆమె దారం తెంపింది.

“ఆ యూనిట్లు దినానికి ఇస్తరా, చేసిన పనికి ఇస్తరా?”

ఆ సంగతి వాళ్లకు తెలియదు.

పేటలో జకార్డ్ అట్టలకు రంధ్రాలు కొట్టే ముసలాయన ఒకడున్నాడు. చద్దరు మీద నెమలి రావాలన్నా, పువ్వు రావాలన్నా ఆ రంధ్రాలే సాంచెకు చెప్పాలి. ఏ పోగు లేవాలో, ఏ పోగు ఆగాలో అట్ట చెబుతుంది. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన కుదిర్చిన పద్ధతి అది. ఇంగ్లండులో బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టలనే తీసుకున్నాడు. కంప్యూటర్లకు దారి పడింది అక్కడే. రేపటి యంత్రాల కథ చూడబోయే కుర్రాళ్లు రోజూ ఆ అట్టల కిందే నిలబడి నేస్తున్నారు.

ముసలాయనకు ‘ఆదిత్య 369’ గుర్తుంది. 1991లో చూశాడు.

“కాలయంత్రం ఎక్కి కృష్ణదేవరాయల కాడికి పోయిండ్రు. ఆడికెళ్లి 2504కు పోయిండ్రు. జనం కూడా ఎంబడే పోయిండ్రు. ఇదీ ఆడ్తది, తీయుండ్రి.”

ఆ మాటతో కుర్రాళ్లకు కొంత ఊపిరి వచ్చింది. పెద్ద తువ్వాలు ఒకటి నేసి హాలు ముందు కటౌట్‌కు కప్పాలనుకున్నారు. అందులో 2898 అంకె రావాలి. ముసలాయన మూడు రాత్రులు కూర్చుని అట్టలు కొట్టాడు. కూలి తీసుకోలేదు.

జూన్ 10న ట్రైలర్ వచ్చింది. గ్రాఫిక్స్ ఇంగ్లీషు సినిమాలా ఉన్నాయన్నారు. అదే భయమైంది. మనవాళ్లకు ఎక్కుతుందా? మూడు గంటలు కూర్చుంటారా?

ఆ వారంలోనే ఒకడు మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లాడు. గోడకు మార్కండేయుడి పటం. పటం కింద మేకుకు పసుపుగుడ్డ మూట. తల్లి ఇరవై రూపాయల నోటు మడిచి అందులో పెడుతోంది.

“ముడుపా, పెద్దమ్మా?”

ఆమె తల ఊపలేదు, కాదనలేదు.

“ఎప్పట్నుంచి?”

“ఆ తేదీ చెప్పినకాన్నుంచి.”

“పిచ్చర్ కోసమేనా?”

“పిచ్చర్ కోసమే.”

వాడు నీళ్లు తాగకుండానే బయటికి వచ్చాడు. రాత్రికి పేటంతా తెలిసింది. వెయ్యి బీడీలు చుడితే గాని పొయ్యి వెలగని ఇల్లు. ఆ ఇంట్లోంచి రోజుకు ఇరవై రూపాయలు హీరో పేరున ముడుపు. ఆరుగురిలో ఇద్దరికి కళ్లు తడిశాయి. పేటలో ఎక్కడా ఇలాంటి తల్లి లేదన్నారు. కొడుకు ఏమీ అనలేదు. మర్నాడు వాడు సాంచె దగ్గర అందరికంటే ముందున్నాడు.

జూన్ 27 గురువారం. మొదటి ఆటకు వెళ్లేముందు ఆరుగురూ వచ్చి ఆమె కాళ్లకు మొక్కారు. తువ్వాలు కటౌట్ మీద కప్పారు. తెర మీద కురుక్షేత్రం రాగానే హాలు లేచి నిలబడింది. అశ్వత్థామ లేచినప్పుడు ఈలలకు మాటలు వినపడలేదు. మొదటి రోజే ప్రపంచమంతా కలిపి 191.5 కోట్లు వచ్చాయని నిర్మాతలు ప్రకటించారు. రెండు వారాలు దాటాక 1000 కోట్ల పోస్టర్ వేశారు.

పోస్టర్ వచ్చిన మర్నాడు కుర్రాళ్లు డప్పు పట్టుకుని, కొబ్బరికాయలు కొనుక్కుని వచ్చారు. పెద్దమ్మను ముందు నడిపించుకుని మార్కండేయ గుడికి పోవాలి. ముడుపు చెల్లించాలి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా చీర మార్చుకుని వచ్చారు.

ఆమె పటం కింది నుంచి మూట తీసింది. అరుగు మీద కూర్చుని ముడి విప్పింది. నోట్లు ఒక్కొక్కటే సాపు చేసి లెక్కపెట్టింది. అరవై ఒకటి. 1,220 రూపాయలు.

“హుండీల నువ్వే వెయ్యాలె, పెద్దమ్మా” అన్నాడు డప్పు పట్టుకున్నవాడు.

“హుండీల వేసెతందుకు కాదు బిడ్డా.”

“మరి పిచ్చర్ కోసమే అంటివి?”

“పిచ్చర్ పోతే అని.”

డప్పు మీద చెయ్యి ఆగింది.

“పోయినేడు పిచ్చర్ పోయిందని వీడు తొమ్మిది దినాలు సాంచె ఎక్కలె. నేసినదానికే గదా పగారు. తొమ్మిది దినాలు నేను ఇరవై కట్టలు ఎక్కువ చుట్టిన. ఈసారి ఏలు పని చేస్తలేదు. అందుకే ముందుగాల్నే దాసిన.”

కొడుకు గుమ్మం దాటి బయటికి రాలేదు.

ఆమె నోట్లు చేతిలో పెట్టుకుని కుర్రాళ్ల వైపు చూసింది.

“ఇంకో భాగం ఉన్నదంట గద. ఎప్పుడు?”

“తేదీ ఇంకా చెప్పలె, పెద్దమ్మా.”

అరవై ఒక్క నోట్లూ మళ్లీ పసుపుగుడ్డలో పెట్టి, ముడి వేసి, మూటను మేకుకు తగిలించింది.