అదనపు బాధ్యతల మహారక్షకుడు

అరుణ్ జైట్లీ గారిని మా అనంతపురం వాళ్ళం తగినంతగా పొగడలేదు. 2019 ఆగస్టు 24న ఆయన కాలం చేశారు. మేమేమో మబ్బు కోసం చూస్తూ, చేతికి రాని చెనక్కాయ పంట లెక్కలు వేసుకుంటూ ఆ బాకీ అలాగే ఉంచేశాం. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే సీమ మాది. అంత ఎండిన చోటికి దేశ ఆర్థిక మంత్రి తానే వచ్చి శంకుస్థాపన చేసి వెళ్ళాడంటే ఆ రుణం ఉంచుకోకూడదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆయన గొప్ప వకీలు. విద్యార్థి నాయకుడిగా ఎమర్జెన్సీలో పంతొమ్మిది నెలలు జైల్లో ఉన్నారు. (ఇందులో ఎంత వెతికినా నాకు వంక దొరకలేదు, వదిలేస్తున్నా.) 1989లో వి.పి. సింగ్ ప్రభుత్వం ఆయన్ను అదనపు సొలిసిటర్ జనరల్ని చేసింది. బోఫోర్స్ దర్యాప్తుకు కావలసిన కాగితాలు తయారైంది ఆయన చేతుల మీదుగానే. కాగితం మీద ఫిరంగిని అంత దగ్గరగా చూసినవారు మన దేశంలో అరుదు. అటువంటి మనిషికి ఎప్పటికైనా రక్షణ శాఖ దక్కవలసిందే.

దక్కిన తీరు ఇంకా రమ్యంగా ఉంటుంది. 2014లో ఆయన అమృతసర్ నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. దేశమంతా మోదీ గాలి. ఆ గాలికి ఏమాత్రం లొంగకుండా లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. ఓడించింది ఎవరనుకున్నారు? ఒకప్పుడు సిక్కు రెజిమెంటులో పనిచేసిన కెప్టెన్ అమరీందర్ సింగ్. సైనికుడి దెబ్బ ఎలా ఉంటుందో అనుభవం మీద తెలిసినవాడని కాబోలు, మే 26న ఏకంగా సైన్యాన్నే ఆయనకు అప్పగించారు. ఆర్థికం, కంపెనీ వ్యవహారాలు కూడా ఆయన చేతికే ఇచ్చారు. పదమూడు లక్షల సైన్యం వాటి పక్కన అదనపు బాధ్యత.

దీనివల్ల దేశానికి కలిసివచ్చిన సౌకర్యం చూడండి. తుపాకులకు డబ్బు కావాలని రక్షణ మంత్రి అడగాలి, ఇప్పుడు కాదని ఆర్థిక మంత్రి చెప్పాలి. ఇదివరకు దీనికి ఇద్దరు మనుషులు, రెండు కార్యాలయాలు, నడుమ నానా రాయబారం. జైట్లీ గారి హయాంలో అడిగే కోడలూ ఆయనే, లేదనే అత్తా ఆయనే. 2014 జులై బడ్జెట్‌లో ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ కోసం ఆయన వెయ్యి కోట్లు పక్కన పెట్టారు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఆ పథకాన్ని ప్రకటించేనాటికి ఖర్చు సాలుకు ఎనిమిది నుంచి పది వేల కోట్లని ప్రభుత్వమే చెప్పింది. తేడా ఎంతో పెద్దదనుకోకండి. మొదటి వెయ్యి ఆయన ఇచ్చారు, మిగతావి మాజీ సైనికులు జంతర్ మంతర్ దగ్గర కూర్చుని తెచ్చుకున్నారు.

2014 నవంబరులో శాఖ మనోహర్ పారికర్ గారికి వెళ్ళింది. పోర్చుగీసు ఏలుబడిలోని మపుసాలో 1955లో పుట్టి, 1961లో భారత సైన్యం వచ్చి ఆ ఏలుబడిని సాగనంపిన గోవాలో పెరిగినవారు. 2017 మార్చిలో గోవా మళ్ళీ పిలిచింది, ముఖ్యమంత్రిగా వెళ్ళిపోయారు. సైన్యం తిరిగి జైట్లీ గారి అదనపు ఖాతాలోకి వచ్చింది.

జూన్‌లో డోక్లాంలో చైనాతో ఎదురుబొదురు. 1962 నాటి భారత్ వేరు, 2017 భారత్ వేరు అని ఆయన గట్టిగా చెప్పారు. మంచి వకీలు సాక్ష్యం కోసం ఆగడు. సాక్ష్యం జులైలో కాగ్ నివేదిక రూపంలో తనంతట తానే వచ్చింది. లెక్క చూసిన 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల పోరుకు కూడా సరిపోవట. సైన్యం అన్ని విధాలా సిద్ధంగా ఉందని ఆయన పార్లమెంటుకు హామీ ఇచ్చారు. పదో రోజు వరకు ఆ మాటలో అబద్ధమేమీ లేదు. సెప్టెంబరు 3న శాఖ నిర్మలా సీతారామన్ గారికి చేరింది. మూడున్నరేళ్ళు నిండకుండానే ఒకే శాఖ మూడుసార్లు చేతులు మారింది. శత్రువుకు మన రక్షణ మంత్రి ఎవరో తెలియకుండా ఉంచడం కూడా ఒక వ్యూహమే.

జైట్లీ గారు మా మీద చూపిన దయ మాత్రం వేరు. వెనుకబడినవని ఏటా యాభై కోట్ల చొప్పున కేంద్రం నిధి కేటాయించిన ఏడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. 2018 ఫిబ్రవరిలో ఏడు జిల్లాలకూ కలిపి 350 కోట్లు రాష్ట్ర ఖాతాలో పడి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయాయి. మా ఊరి మబ్బుల స్వభావాన్ని ఢిల్లీలో అంత బాగా గ్రహించినవారు మరొకరు లేరు. మరుసటి నెలలో, భావోద్వేగాలను బట్టి నిధులు రావని కూడా ఆయనే తెలియజెప్పారు.

ఇక గోరంట్ల మండలం పాలసముద్రం. 2015 ఏప్రిల్‌లో జైట్లీ గారు అక్కడ కస్టమ్స్ అధికారుల శిక్షణ అకాడమీకి రాయి వేశారు. అదే ఏడు అక్కడే తొమ్మిది వందల పైచిలుకు ఎకరాల్లో భారత్ ఎలక్ట్రానిక్స్ రక్షణ పరిశ్రమకు పారికర్ గారు రాయి వేశారు. రెండేళ్ళ తరువాత, 2017లో, పెనుకొండ దగ్గరికి వచ్చిన కియా 2019 ఆగస్టుకల్లా కారు బయటికి తెచ్చింది. అప్పటికి ఈ రెండు రాళ్ళూ ఎంతో క్రమశిక్షణతో రాళ్ళుగానే ఉన్నాయి. 2022 మార్చి 5న నిర్మలా సీతారామన్ గారు వచ్చి అకాడమీకి మరోసారి శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 16న ప్రధాని ప్రారంభించారు. జైట్లీ గారి రాయి తొమ్మిదేళ్ళకు భవనమైంది. పారికర్ గారి రాయి సంగతి మీరే రక్షణ శాఖకు ఒక ఉత్తరం రాసి కనుక్కోండి. 2017 సెప్టెంబరు నుంచి ఆ శాఖకు పూర్తికాలపు మంత్రి ఉంటున్నారు.