పిండి చూసే పెద్దమనిషి

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, మరో కంప్యూటర్ల బజారులో గానీ వైర్‌లెస్ గేమింగ్ మౌస్ బేరమాడేవాళ్లలో ఒక రకం మనిషిని ఇట్టే పోల్చుకోవచ్చు. అందరూ మౌస్‌ని బల్ల మీద జరిపి చూస్తారు. ఈయన మాత్రం కొబ్బరికాయలా చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. తర్వాత బొటనవేలు ఒక పక్క, ఉంగరంవేలు ఇంకో పక్క ఆనించి, పళ్లు బిగించి పిండుతాడు. ఎక్కడో కిర్రుమంటుంది. అంతే, మొహం వెలిగిపోతుంది. "విన్నావా అన్నా? షెల్‌లో ఫ్లెక్స్ ఉంది. ఇంత రేటు పెట్టి ఇదా బిల్డ్ క్వాలిటీ?" షాపతను తల గోక్కుంటూ ఇంకో డబ్బా విప్పుతాడు.

ఈయన చెవికి వంక పెట్టలేం. చిక్కంతా ఆయన కోరికలతోనే. మౌస్ దూదిలా తేలాలి, రాయిలా బిగిసి ఉండాలి. 2019లో వచ్చిన లాజిటెక్ జీ502 లైట్‌స్పీడ్ 114 గ్రాములు; అది చాలనివాళ్ల కోసం మరో 16 గ్రాముల దాకా తూకపు బిళ్లలు కూడా ఇచ్చారు. మరుసటి ఏడాదే అదే కంపెనీ జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్‌ని 63 గ్రాముల లోపుకి దించింది. 2022 నాటి రేజర్ వైపర్ వీ2 ప్రో 58 గ్రాములే. బరువు ఇలా దిగాలంటే లోపలి సామానుతో పాటు షెల్ కూడా ఒళ్లు తగ్గించుకోక తప్పదు. అదే ప్లాస్టిక్ పలకని సగం మందం చేస్తే వంగకుండా నిలిచే బలం సగానికి కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. లోపల ఊతపట్టీలు పోసి కొంత సర్దుతారు గానీ, ఆ పట్టీలకీ బరువుంటుంది. వంటింటి త్రాసు మీద రెండు గ్రాములు ఎక్కువ తూగిందని అలిగేదీ ఈయనే, పిండితే వంగిందని మండిపడేదీ ఈయనే.

పిండటం శుద్ధ దండగా అంటే, కాదు. మామూలుగా పట్టుకున్నప్పుడే పక్క బటన్ దానంతటది నొక్కుకుపోతే, ఎత్తి దించినప్పుడల్లా చక్రం గలగలలాడితే అది లోపమే. ఆట మధ్యలో కొంప ముంచుతుంది. అయితే ఆ పరీక్షకి ఆట ఆడే పట్టు చాలు, నిమ్మకాయ రసం తీసే పట్టు అక్కర్లేదు. మౌస్‌కి ముసలితనం వచ్చే చోటు కూడా వేరే. స్విచ్‌లో లోహపు రేకులు అరిగితే ఒక్క నొక్కుకి రెండు క్లిక్‌లు పడతాయి. ఆప్టికల్ స్విచ్‌లో కాంతి కిరణమే ఆ పని చేస్తుంది కాబట్టి ఆ జబ్బు రాదు. చక్రం తిరగడాన్ని పసిగట్టే ఎన్‌కోడర్ చెడితే పేజీ కిందికి తిప్పితే పైకి గెంతుతుంది. ఇవేవీ మొదటి రోజు కిర్రుమనవు.

కాబట్టి ఈయన షాపులో అడగాల్సినవి రెండే: స్విచ్ ఏ రకం, వారంటీ ఎన్నేళ్లు. అడగడు. చప్పుడు చెయ్యని మౌస్ ఎట్టకేలకు దొరికినా కొనడు. తన బలం మీద ఆయనకి అంత నమ్మకం, ఇంకాస్త గట్టిగా పిండి చూస్తాడు.