అతిథి చేపోభవ!

‘విదేశీ చేపలను చెరువుల్లో వదలకండి’ అని జనానికి పాఠాలు చెప్పే సర్కారే దోమల మీద యుద్ధమంటూ గంబూసియా చేపలను చెరువుల్లో కుమ్మరిస్తోంది.

దాని పుట్టిల్లు అమెరికా. 1928లో మన దేశంలో మెట్టింది. చూడ్డానికి వేలెడంత. ప్రపంచంలోని 100 అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితాలో మాత్రం దర్జాగా కూర్చుంది. ఆ జాబితా చదివినవారు సదస్సులో ఉంటారు. బకెట్ పట్టుకున్నవారు చెరువు గట్టున ఉంటారు. ఇద్దరికీ జీతాలిచ్చే ఖజానా ఒక్కటే!

గంబూసియా దోమల లార్వాలను తింటుంది, నిజమే. నాటు చేపల గుడ్లనూ, తోకకప్పలనూ నంజుకుంటుంది. పాపం, ఆ నాటు చేపలూ దోమ లార్వాలను ఉచితంగానే తినేవి. టెండరు వేయకపోవడమే వాటి నేరం.

జనం తక్కువేం కాదు. అక్వేరియం అద్దం తుడవడానికి బద్ధకించి సక్కర్ చేపను కొంటారు. అది మూరెడు పెరగ్గానే జీవకారుణ్యం పొంగుకొస్తుంది. చెరువులో వదిలి దండం పెడతారు. దాని ముళ్లకు జాలరి వల చిరుగుతుంది. పుణ్యం వీరికి, కుట్టుపని వారికి.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం ఎప్పుడో నిషేధించింది. ఆ కబురు చేపకు ఇంకా అందినట్టు లేదు. గుంతల్లో హాయిగా పెరుగుతోంది.

కాబట్టి మహాజనులారా, ఇంట్లో చేపను సాకలేకపోతే కొన్న దుకాణంలోనే తిరిగి ఇచ్చేయండి. చెరువులో మాత్రం వదలొద్దు. ఆ పనికి సర్కారు ఉంది!