సచ్చినోడి లెక్క సరిగ్గానే వస్తాంది

డెస్క్‌టాప్ డేటాబేస్‌లు రాసి బతికేవాళ్లకు వచ్చే వార్తలన్నీ చావు కబుర్లే. తాజాది 2025 అక్టోబర్ 14 నాటిది. విండోస్ 10, యాక్సెస్ 2016, యాక్సెస్ 2019, ఈ మూడింటికీ మైక్రోసాఫ్ట్ ఒకే రోజు కర్మ ముగించింది. పురోహితుడి ఖర్చు కలిసొచ్చింది.

రొద్దం ప్రోగ్రామర్‌కు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఆయనది ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ వంశం. 1992లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది, 2007లో ఇక కొత్త వెర్షన్ రాదని చెప్పేసింది, 2015 జనవరి 13న సపోర్టు ఆపేసింది. అప్పటికి సత్య నాదెళ్ల సీఈవో కుర్చీ ఎక్కి ఏడాదైనా కాలేదు. వాళ్ల నాన్న యుగంధర్ గారిది మన పాత అనంతపురం జిల్లా బుక్కాపురమే. ఒక్క మాట చెప్పించుకోలేకపోయామే అని మావాళ్ల బాధ. రేషన్ కార్డుకైతే ఎమ్మెల్యే ఇంటికి పోతాం, ఫాక్స్‌ప్రో కోసం రెడ్మండ్ దాకా పోయేదెవరు?

ధర్మవరంలో పట్టుచీరల షావుకారుకు ఈ కబురు పదేళ్లు ఆలస్యంగా చేరింది.

"ఏమప్పా, మన సాఫ్ట్‌వేర్ సచ్చిపోయిందంట గదా?"

"అవునన్నా, పదేండ్లాయ."

"మరి బిల్లెట్లొస్తాంది?"

"ఆ సంగతి దానికింకా తెలీదన్నా."

అసలు ఆ ఫాక్స్‌ప్రో వంశానికి మూలమైన డీబేస్ పుట్టుకే వింత. డీబేస్ 1 అనేదే లేకుండా డీబేస్ 2 అమ్మారు. అమ్మిన ఆష్టన్-టేట్ కంపెనీలో టేట్ ఉన్నాడు గానీ, ఆష్టన్ అనే మనిషే లేడు. పుట్టనోడి పేరుతో వ్యాపారం చేసిన ఇంటికి మరణ ధ్రువపత్రం పంపితే ఎవరు లెక్కచేస్తారు?

2017 జులైలో జీఎస్టీ వస్తే మనవాడు వ్యాట్ పక్కన రెండు గడులు చేర్చాడు. 2025 సెప్టెంబర్ 22న 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా ఎత్తేస్తే రేట్ల టేబుల్లో అంకెలు మార్చాడు. కాఫీకి ముందే అయిపోయింది. నెలనెలా చందా కట్టించుకునే క్లౌడువాళ్లయితే ముందు టికెట్ నంబరిస్తారు, తర్వాత ఓపిక పట్టమంటారు. సాయంత్రం రద్దీలో నెట్ పోతే చీర పట్టుకుని నిలబడిన పెళ్లివారికి ఏం చెప్పాలో మాత్రం వాళ్ల డెమోలో ఉండదు.

ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. విండోస్ 11 అంతా 64 బిట్. విజువల్ ఫాక్స్‌ప్రో దానిమీద నడుస్తుంది, డాస్ కాలంనాటి ఫాక్స్‌ప్రో నేరుగా నడవదు. పాత ప్రోగ్రాంలోనే ఇంకా చింతపండు లెక్కలు రాసే మండీ హిందూపురంలో ఏదైనా ఉంటే, కొత్త కంప్యూటర్ కొనేముందు మనవాడికి ఒక ఫోన్ కొట్టాలి. కొన్నాక కొడితే రేటు వేరే.

షావుకార్లకు ఇంకో విన్నపం. పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసేటప్పుడు డీబీఎఫ్ ఫైళ్లొక్కటే ఎత్తుకుపోవద్దు. అదే పేరుతో పక్కనే ఎఫ్‌పీటీ ఫైలుంటే దాన్నీ తీసుకోండి. బాకీ ఎవరు ఎప్పుడిస్తామన్నారో మీరు రాసుకున్న మెమోలన్నీ అందులోనే ఉంటాయి. అది లేకపోతే టేబులే తెరుచుకోదు.