బోర్డు నుంచి డ్యాష్‌బోర్డు దాకా

సర్కారు బడి పంతులుకు నిన్నమొన్నటిదాకా కెరీర్ లక్ష్యాలు రెండే: సొంతూరికి దగ్గర్లో బదిలీ, రిటైరయ్యేలోపు ఒక పదోన్నతి. ఎడ్యుకేషనల్ టెక్నాలజీ (ఎడ్‌టెక్) పుణ్యమా అని ఇప్పుడు మూడోది చేరింది: ఎడ్‌టెక్ నిపుణుడనిపించుకోవడం. సీనియారిటీ జాబితా, రోస్టర్, కోర్టు స్టే ఏవీ దీనికి అడ్డురావు. పంచవర్ష ప్రణాళిక ఇలా ఉంటుంది. మొదటి ఏడాది దీక్షా పోర్టల్లో కోర్సులు పూర్తిచేసి సర్టిఫికెట్లు పోగేయాలి. రెండో ఏడాది వీడియో పాఠాలు చేసి వాట్సాప్ గ్రూపుల్లో చప్పట్ల బొమ్మలు అందుకోవాలి. మూడో ఏడాది రిసోర్స్ పర్సన్ అయి, తోటి టీచర్లకు లాగిన్ ఎలా అవ్వాలో బోధించాలి. నాలుగో ఏడాది ఆన్‌డ్యూటీ (ఓడీ) మీద రాష్ట్రస్థాయి కంటెంట్ బృందంలో కూర్చోవాలి. ఐదో ఏడాది స్వచ్ఛంద విరమణ, ఆపై ఏదో కంపెనీలో అకడమిక్ హెడ్ కుర్చీ. మెట్టు మెట్టుకూ హోదా పెరుగుతుంది, పీరియడ్లు తగ్గుతాయి. బాగా పాఠం చెప్పగలడని ఎంత గట్టిగా రుజువైతే, పాఠం చెప్పే పని నుంచి అంత త్వరగా విముక్తి!

ఈ రంగంలో దీర్ఘకాలిక లక్ష్యం పెట్టుకోవడానికి గుండెధైర్యం కావాలి. 1975-76లో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు దిగాయి. ప్రయోగం ఏడాదితో ముగిసింది. 1984లో కంప్యూటర్ విద్య కోసం తెచ్చిన క్లాస్ పథకం కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లు బడులకొచ్చాయి. ఇప్పుడవి మ్యూజియం సరుకు. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. అదే డిసెంబర్‌లో ఆ పాఠాలు నింపిన ట్యాబులు ఎనిమిదో తరగతి పిల్లల చేతికొచ్చాయి. 2024 జులైకల్లా ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఎడ్‌టెక్ ఉత్పత్తులు సగటున 36 నెలలకోసారి మారిపోతాయని యునెస్కో 2023 నివేదిక లెక్కగట్టింది. అంటే ముప్పై ఏళ్ల సర్వీసులో పది అవతారాలు. విష్ణుమూర్తికి యుగాలు పట్టిన పనిని మన స్కూల్ అసిస్టెంటు ఒక్క సర్వీసులో ముగించేయాలి.

ఇంతకీ బడిలో టెక్నాలజీ టీచరు చేత ఏం చేయిస్తోంది? 2022 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ముఖం చూపిస్తేనే హాజరు. భోజన పథకం వివరాలకు యాప్. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో కూడా కొన్నేళ్లపాటు అయ్యవార్లే ఫొటోలు తీసి ఎక్కించారు. ఎక్కించిందే డ్యాష్‌బోర్డులో కనిపిస్తుంది, కనిపించిందే సమీక్షలో చర్చకొస్తుంది. రెండో బెంచీ పిల్లవాడికి తీసివేత రాదన్న సంగతి ఎక్కించడానికి ఆప్షన్ లేదు గనక, ఆ సమస్యే లేనట్టు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 లెక్కలు చూడండి. గ్రామాల్లో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు మాత్రం దేశంలోని పల్లెలన్నీ కలిపి 45 శాతం లోపే. ఏ సర్టిఫికెట్ కోర్సూ లేకుండా మొదటిది వచ్చేసింది. రెండోదానికి టీచరు కావాలి. ఆయనేమో మొదటిదాని శిక్షణలో ఉన్నారు.

‘అయితే పలకా బలపాలకే పొమ్మంటారా?’ అని అడగొచ్చు. అక్కర్లేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే బోధనా సాఫ్ట్‌వేర్ వాడే కేంద్రాలపై జరిపిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లో పిల్లలు లెక్కల్లో, హిందీలో గట్టిగా ముందుకెళ్లారని తేల్చింది. అక్కడి సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లవాడూ ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టి అక్కడినుంచే మొదలుపెట్టింది. పైగా సగం సమయం యంత్రానిది, మిగతా సగం చిన్న బృందాలకు పాఠం చెప్పే మనిషిది. అదే పెరూలో లక్షలాది పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ పంచారు. లెక్కల్లో, భాషలో మార్పు లేదని పరిశోధకులు 2012లోనే తేల్చారు. తేడా పరికరంలో లేదన్నమాట. ఆగిపోయిన చోటు పట్టుకోవడంలో, పక్కన పాఠం చెప్పే మనిషి ఉండటంలో ఉంది. ఆ మనిషినే మనం ప్రమోషన్ పేరిట గది బయటికి పంపుతున్నాం.

‘టీచరుకు ఎదగాలని ఉండకూడదా?’ అన్నది ఇంతకన్నా న్యాయమైన ప్రశ్న. ఉండాలి, తప్పు టీచరుది కాదు. మూడో తరగతి పిల్లలందరికీ చదవడం నేర్పిన సెకండరీ గ్రేడ్ టీచరుకు (ఎస్జీటీకి) మన వ్యవస్థలో ఏ హోదా లేదు, అదే పాఠాన్ని కెమెరా ముందు పిల్లల్లేకుండా చెప్పినవారికి మాత్రం శాలువా ఉంది. శాలువా ఉన్న వైపే మనిషి నడుస్తాడు. కాబట్టి విద్యాశాఖకు ఖర్చులేని సలహా ఒకటి. రిసోర్స్ పర్సన్ అయినా, కంటెంట్ నిపుణుడైనా, డిజిటల్ సమన్వయకర్త అయినా వారానికి కనీసం పది పీరియడ్లు పాఠం చెప్పి తీరాలని, ఎడ్‌టెక్ అవార్డుకు దరఖాస్తు చేసేవారు తమ తరగతిలో ఏడాది మొదట్లో ఎందరికి చదవడం వచ్చు, చివర్లో ఎందరికి వచ్చిందో చూపాలని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. ఎడ్‌టెక్ మీద నిజమైన ప్రేమ ఎంతమందికుందో మర్నాటికే తేలిపోతుంది. అప్పుడూ దరఖాస్తు వెనక్కి తీసుకోని టీచరు కనిపిస్తే, యాప్ ఎంపిక చేసే అధికారం కూడా ఆయనకే అప్పగించండి.