విముక్తులారా, హాజరు పలకండి!

అమెరికావాళ్లు నాలుగేళ్లు తమలో తాము కొట్టుకుని, ఆరు లక్షల పైచిలుకు శవాలను పూడ్చి, 1865లో బానిసత్వాన్ని రద్దు చేశారు. పదమూడో సవరణ రాసిన పెద్దమనుషులు ఆ ఒక్క వాక్యంలోనే దొడ్డిదారి కూడా ఉంచుకున్నారు. నేరానికి శిక్షగా అయితే మనిషి చేత వెట్టి చేయించుకోవచ్చట. ఇంకేం, అదే ఏడాది నవంబరులో మిసిసిపీ ప్రభుత్వం చట్టాలు చేసింది. పని చేస్తున్నట్టు కాగితం చూపించలేని నల్లవాడు దేశదిమ్మరి, కాబట్టి నేరస్థుడు. జరిమానా కట్టలేకపోతే, కట్టినవాడి దగ్గర కూలి చేసి తీర్చుకోవాలి. దిక్కులేని పిల్లల్ని పని నేర్పే నెపంతో ఎవరికో ఒకరికి అప్పజెప్పేవాళ్లు. అందులో మొదటి హక్కు పాత యజమానిది!

అంత తెలివి అమెరికావాళ్ల ఒక్కరి సొత్తేనని మనం దిగులుపడనక్కర్లేదు. మనకూ ఉంది.

ఎరుకలవాళ్లు ఒకప్పుడు ఈ కోస్తాలో ఉప్పు వ్యాపారులు. కొటార్లలో ఉప్పు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా మెట్ట ఊళ్లకు తోలుకుపోయి, ధాన్యం మార్చుకుని వచ్చేవాళ్లు. ఉప్పు మీద సర్కారు పన్ను పెంచింది. రైలొచ్చి బస్తాలను ఎగరేసుకుపోయింది. బుట్టలల్లుకుందామని అడవికి పోతే అక్కడ అటవీ చట్టం కూర్చుని ఉంది. ఇలా మూడు దారులూ మూసేసిన తరువాత, వీళ్లు తిరుగుతున్నారెందుకా అని దొరలకు అనుమానం వచ్చింది. ఉత్తరాదిన 1871 నుంచే నేరస్థ జాతుల చట్టం ఉంది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ ఆ భాగ్యం కలిగించారు. ఒక కులాన్ని నేరస్థ జాతి అని గెజిటులో వేస్తే, అది తప్పని అనే అధికారం ఏ కోర్టుకూ లేదు. బొడ్డు కోయకముందే కేడీ అన్నమాట.

ఇలా గెజిటుకెక్కినవాళ్లను ఉంచడానికి నెల్లూరు జిల్లా కావలిలో సెటిల్‌మెంటు వెలిసింది. 1914లో దాన్ని చేతుల్లోకి తీసుకున్న శామ్యూల్ బాడెన్ దొర అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. తమాషా ఏమిటంటే, విడుదలైన బానిసల పిల్లలకు అట్లాంటాలో కాలేజీలు నిలబెట్టింది కూడా అమెరికా ఉత్తరాది బాప్టిస్టులే. అక్కడ సంకెళ్లు తెగినవాళ్లకు చదువు చెప్పారు, ఇక్కడ హాజరు పట్టీ తెరిచారు. దొర మంచివాడే అయ్యుండొచ్చు, బడి పెట్టాడు, పని చూపించాడు. కాకపోతే ఆ పట్టీ కూడా మంచిగానే నడిచింది. రాత్రి పేరు పిలిస్తే గుడిసెలోంచి బయటికొచ్చి పలకాలి. చుట్టాలింట్లో పెళ్లికి పోవాలన్నా చీటీ కావాలి. చీటీలో లేని ఊళ్లో కనిపిస్తే అదే నేరం. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం సైతం చట్టంలో రాసిపెట్టారు. మిసిసిపీకి, కావలికి మధ్య సముద్రాలున్నాయంటే నమ్మబుద్ధి కాదు.

పోనీ, స్వరాజ్యం వచ్చింది కదా! నెల్లూరు జిల్లావాడే వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల తరఫున, ఎరుకలవాళ్ల తరఫున ఏళ్లతరబడి తిరిగి గొంతు పోగొట్టుకున్నాడు. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టం రద్దు చేసింది. శభాష్ అనే లోపలే 1948లో అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. కులం అన్నచోట అలవాటు అని రాసుకున్నారు, నిఘా మాత్రం ఉన్నచోటే ఉంది. పాత నేరస్థ జాతుల చట్టం దేశమంతటికీ రద్దయి, ఆ కులాలు విముక్త జాతులు అనిపించుకున్నది 1952 ఆగస్టు 31న. అంటే, మిగతా జనం జెండా వందనం చేసుకున్న ఐదేళ్ల పదహారు రోజులకు. ఆ తరువాత మన ఆంధ్రప్రదేశ్ కూడా వెనకబడలేదు. 1962లో సొంతంగా ఒక అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది. సర్కారుకు కూడా అలవాటంటూ ఒకటి ఉండాలి కదా.

కావలి లాంటి సెటిల్‌మెంటు ఊరే బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప అని ఒకటుంది. అక్కడి కుర్రాడు ఇంకేదో పట్నంలో బస్సు దిగాడనుకోండి. ఏ పట్నమని అడక్కండి, ఏదైనా ఒకటే.

"ఏరా, ఏ ఊరు?"

"కప్పరాళ్లతిప్ప సార్."

"అట్లయితే కూర్చో."

విచారణ పూర్తయింది. మర్నాడు పేపర్లో ఊరి పేరుతో శీర్షిక వస్తుంది. వేరే ఊరివాడు దొంగతనం చేస్తే దొంగ పేరు వేస్తారు, ఇక్కడివాడైతే ఊరి పేరు వేస్తారు. అలాంటి ఇంకో సెటిల్‌మెంటు ఊరు స్టూవర్టుపురానిది ఇంకా గొప్ప యోగం, ఆ ఊరికి సినిమాలే ఉన్నాయి. పులి పేరు పెట్టి తీస్తే మనం ఈలలేసి చూస్తాం, ఇంటికొచ్చి గడియ పెట్టుకుంటాం.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లు తిరగేసి, కులాన్ని బట్టి ఖైదీలకు పనులు పంచడం, విముక్త జాతులను అలవాటు నేరస్థుల లెక్కలో కలపడం చెల్లవంది. మూడు నెలల్లో రాష్ట్రాలన్నీ సరిదిద్దుకోవాలని గడువు పెట్టింది. డెబ్భై రెండేళ్లు ఆ పుస్తకాలను చదివి పాటించినవాళ్లలో ఒక్కరికీ ఎబ్బెట్టుగా తోచలేదు మరి.

డబ్బు సంగతికొద్దాం. విముక్త, సంచార జాతుల కోసమని 2022లో కేంద్రం ఒక పథకం పెట్టింది. ఐదేళ్లకు 200 కోట్లు. ఈ జాతులన్నీ కలిపి పది కోట్ల పైమాటేనని రెంకే కమిషన్ 2008లోనే అంచనా కట్టింది. అందరికీ పంచితే తలకు ఇరవై రూపాయలు కూడా రావు, అదీ ఐదేళ్లకు. టీ తాగితే బన్ను రాదు.

ఇదే కేంద్రం 2018లో పరారీ ఆర్థిక నేరస్థుల చట్టం చేసింది. ఆ హోదాకు కనీస అర్హత వంద కోట్లు, తక్కువైతే చేర్చుకోరు. విముక్త జాతులన్నిటికీ కలిపి ఇచ్చింది అలాంటివాళ్లిద్దరి ప్రవేశ రుసుము! పైగా ఆ పెద్దమనిషికి మర్యాదగా నోటీసు పంపాలి, హాజరు కావడానికి తక్కువలో తక్కువ ఆరు వారాల గడువివ్వాలి, ప్రత్యేక కోర్టులో వకీలు వాదన వినాలి. అన్నదమ్ముల్ని, మేనల్లుళ్లను, వీధి వీధినంతా రాత్రి పదింటికి ఠాణా ముందు నిలబెట్టి వేలిముద్రలు తీయాలని మాత్రం అందులో ఎక్కడా లేదు. ఉండి ఉంటే, ఈపాటికి జూబ్లీహిల్స్‌లో సగం మేడలు హాజరు పలికి పడుకునేవి.