మా రోజుల్లో వాన కాగితం దాటేది

మా రోజుల్లో పెద్ద వాన పడితే కాగితం చాలకపోయేది. మిల్లీమీటరు గళ్ల గ్రాఫు షీటు మీద సెంటీమీటరుకు పది మిల్లీమీటర్ల వాన అని ముందే రాసి పెట్టుకునేవాళ్లం. గీత పైఅంచు దాటితే కొలత తగ్గించే మాటే లేదు. ఇంకో షీటు తెచ్చి పైన బంకతో అతికించేవాళ్లం. ఫైలు మూసినా ఆ మడత బయటికి కనబడుతుండేది. ఏ యేడు వాగులు పొంగాయో ఫైలు విప్పకుండానే చెప్పేవాళ్లం.

2016 అక్టోబరులో జిల్లాలు విడిపోక ముందు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోవే. జనగామ కరువు నేల, భూపాలపల్లి అడవి దిక్కు. అయినా మూడు కాగితాలకూ ఒకటే కొలత. పక్కపక్కన పరిస్తే ఎక్కడ ఎంత పడ్డదో కంటికే తెలిసేది.

సైఫన్ వానమాపకం ఇంకా నిక్కచ్చి. చుట్టూ చార్టు చుట్టిన డ్రమ్ము గడియారంలా మెల్లగా తిరుగుతుంటుంది. వాననీళ్లు నిండేకొద్దీ కలం పైకి పాకుతుంది. సరిగ్గా పది మిల్లీమీటర్లు కాగానే సైఫన్ నీళ్లన్నీ లాగేస్తుంది, కలం నిలువునా సున్నాకు జారి మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు చార్టు విప్పి ఆ నిలువు గీతలు లెక్కపెడితే వాన లెక్క చేతికొచ్చేది. పది మిల్లీమీటర్లంటే ఏ రోజైనా అదే ఎత్తు.

ఇప్పుడు? మనుమడు పైథాన్‌లో మండలాల వాన గ్రాఫు చేసి చూపించాడు. పేరు నొక్కితే ఆ మండలం గీత వస్తుంది. జనగామ నొక్కాడు. పన్నెండు మిల్లీమీటర్ల జల్లు, గీత తెర పైదాకా లేచింది. భూపాలపల్లి జిల్లా చిట్యాల నొక్కాడు, 2023 జులై 27. ఆనాడు 24 గంటల్లో అక్కడ పడ్డది 616.5 మిల్లీమీటర్లు. మా చార్టు మీదైతే కలం 61 సార్లు కిందికి జారేది. తెర మీద మాత్రం అదే ఎత్తు!

"ఇదేందిరా, రెండూ ఒక్కతీరు వానలేనా?"

"ఆటోస్కేల్ తాతా. పక్కన అంకెలు సూడు."

అంకెలు చూసి తెలుసుకోవాలంటే ఇక గ్రాఫు ఎందుకు? ఆ జులై 27 పొద్దున మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. జనం మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆ వానను జల్లుకు సమానం చేసి చూపితే, అంకెలన్నీ నిజమైనా ఆ బొమ్మ అబద్ధమే.

నా పోరు పడలేక వాడు సెట్_వైలిమ్ అనే ఆజ్ఞతో నిలువు అక్షాన్ని సున్నా నుంచి 200 దాకా బిగించాడు. చిట్యాల గీత పైకిపోయి తెగింది. హద్దు పెరగాలని రీలిమ్, ఆటోస్కేల్_వ్యూ అని రెండు ఆజ్ఞలు రాశాడు, అక్షం కదల్లేదు. చాలాసేపు తల పట్టుకున్నాక దొరికింది: చేత్తో హద్దు పెడితే, పైథాన్‌లో గ్రాఫు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తాను కొలత మార్చడం ఆపేస్తుంది, ఆటోస్కేల్‌ను మళ్లీ తెరిస్తేనే ఆ రెండూ పనిచేస్తాయి. తెరిచాడు. జల్లు మళ్లీ ఆకాశానికెక్కింది.

అప్పుడు చెప్పాను: అన్ని మండలాల్లో పెద్ద వాన ఏదో ముందు చూడు. దాని మీద ఐదు శాతం కలిపి పైహద్దు పెట్టు. అంతకన్నా పెద్దది వస్తే హద్దు పెరగాలి, మండలం మార్చినంత మాత్రాన దిగొద్దు. 204.4 దాటితే వాతావరణ శాఖ అత్యంత భారీ వాన అంటుంది, అక్కడొక ఎర్రగీత గియ్యి.

గీశాడు. చిట్యాల ఎర్రగీతకు మూడంతలు లేచింది. జనగామ నొక్కితే అడుగున గోరంత గీత.

"మరీ చిన్నగున్నది తాతా."

"అంతే పడ్డది బిడ్డా."